బెర్లిన్‌లో మన మాండలిన్



1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో 14 ఏళ్ల తెలుగు కుర్రవాడు కచేరీ చేశాడు. ఊరు పాలకొల్లు. చేతిలో ఎలక్ట్రిక్ మాండలిన్. వాయించింది కర్ణాటక సంగీతం. పేరు ఉప్పలపు శ్రీనివాస్. ఆ ఏడు ఆ ఉత్సవంలో సంచలనమైన పేర్లలో అదొకటి. మాండలిన్ శ్రీనివాస్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్లు ఈ సంగతి గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకుని అక్కడితో వదిలేస్తారు. నాకు మాత్రం అక్కడే ఒక ప్రశ్న మొదలవుతుంది. జాజ్ అమెరికా నల్లజాతివారి సంగీతం. ఉత్సవమేమో జర్మన్లది. త్యాగరాజ కీర్తనలు నేర్చుకున్న పిల్లవాడికి అక్కడేం పని? వాళ్లు ఎందుకు పిలిచారు? పిలిచారే అనుకుందాం, రాగమంటే ఏమిటో తెలియని జనం అతన్ని ఎలా విన్నారు?

నేనుండేది బహదూర్‌పల్లిలో. ఈ మేడ్చల్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలకు లోటు లేదు. వాటిలోంచి ఏటా కొందరు పిల్లలు పై చదువులకు జర్మనీ వెళుతున్నారు. మా వీధిలో జర్మనీ అంటే కార్లు, యంత్రాలు, వీసా, ఫీజు తక్కువ ఉండే యూనివర్సిటీలు. సంగీతం మాట వస్తే బాఖ్, బీథోవెన్. యుద్ధంలో ఓడి, శిథిలమై, సిగ్గుతో తలవంచుకున్న ఆ దేశం పరాయివాళ్ల సంగీతాన్ని వినడం ఎలా నేర్చుకుందో ఎవరూ చెప్పరు. నా ప్రశ్నకు జవాబు ఆ కథలోనే ఉంది.

ముందు జాజ్ గురించి రెండు మాటలు. ఒక చిన్న బాణీ ఉంటుంది. అందరూ కలిసి దాన్ని ఒకసారి వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరే వంతు తీసుకుని, ఆ బాణీ అడుగున నడిచే స్వరమేళనాల మీద అప్పటికప్పుడు కొత్త సంగతులు అల్లుతారు. మిగిలినవాళ్లు లయ పట్టుకుని, వింటూ, జవాబిస్తూ ఉంటారు. చివరికి అందరూ మొదటి బాణీకి చేరుకుంటారు. నెరవల్, కల్పనస్వరాలు, తని ఆవర్తనం తెలిసిన శ్రోతలకు ఈ పద్ధతి వింతగా తోచదు. మనకు రాగం హద్దు గీస్తుంది, వాళ్లకు స్వరమేళనాల వరస గీస్తుంది. జాజ్‌లో దెబ్బ మనం ఎదురుచూసిన చోట పడకుండా కాస్త ఇటో అటో పడుతుంది. వింటుంటే కాలు ఊగేది అందుకే.

జర్మనీకి జాజ్ యుద్ధం తర్వాతే వచ్చిందనుకోకండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోఖ్ సంగీత కళాశాలలో 1928లోనే జాజ్ తరగతి మొదలైంది. ప్రపంచంలో ఒక సంగీత కళాశాల జాజ్‌ను పాఠంగా చెప్పడం అదే మొదలు. చెప్పినవాడు మాత్యాష్ సైబర్ అనే హంగేరీ స్వరకర్త. 1933లో హిట్లర్ వచ్చాడు, ఆ తరగతి మూతపడింది. 1935లో జర్మన్ రేడియోలో జాజ్‌ను నిషేధించారు. 1938లో డ్యుసెల్‌డోర్ఫ్‌లో భ్రష్ట సంగీతం పేరుతో ఒక ప్రదర్శన పెట్టారు. దాని పోస్టరు మీద శాక్సోఫోన్ ఊదుతున్న నల్లజాతి మనిషిని వికృతంగా గీసి, అతని కోటుకు యూదుల నక్షత్రం తగిలించారు. వాళ్ల ద్వేషమంతా ఆ ఒక్క బొమ్మలో ఉంది. నల్లవాళ్లు పుట్టించిన సంగీతం, అందులో పేరు తెచ్చుకున్న యూదులు, దానికి తోడు ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు వాయించే స్వేచ్ఛ. ఈ మూడూ వాళ్లకు గిట్టనివే.

1939 సెప్టెంబరు 1న యుద్ధం మొదలైంది. ఆ రోజే విదేశీ రేడియో వినడాన్ని నేరం చేశారు. కానీ ఆ ప్రభుత్వమే చార్లీ అండ్ హిస్ ఆర్కెస్ట్రా అని ఒక జాజ్ బృందాన్ని పోషించింది. దాని పని ఇంగ్లండు, అమెరికా శ్రోతల కోసం స్వింగ్ రకం జాజ్ పాటలకు ప్రచారపు మాటలు తగిలించి రేడియోలో పంపడం. సొంత జనానికి విషమన్నదాన్నే శత్రువుకు ఎరగా వాడారన్నమాట.

నిషేధం ఉన్నా విన్నవాళ్లున్నారు. హాంబర్గ్‌లో పొడుగు జుట్టు పెంచి, ఇంగ్లీషు పాటల రికార్డులు పెట్టుకుని నాట్యమాడిన కుర్రకారును 1941లో వందల సంఖ్యలో పట్టుకున్నారు. కొందరిని నిర్బంధ శిబిరాలకు పంపారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎమిల్ మాంగెల్స్‌డోర్ఫ్, కార్లో బోలెండర్ లాంటి పడుచువాళ్లు హాట్ క్లబ్ పేరుతో చాటుగా కలిసి వాయించేవాళ్లు. ఎమిల్‌ను నాజీల రహస్య పోలీసు దళం గెస్టాపో అరెస్టు చేసి, తర్వాత రష్యా యుద్ధరంగానికి తోసింది. అక్కడ బందీగా చిక్కి 1949లో గానీ ఇల్లు చేరలేదు. అతని తమ్ముడు ఆల్బర్ట్ అన్న వెంట ఆ చాటు కూటాలకు వెళ్లి వినేవాడు. ఆ తమ్ముడి పేరు గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్లీ వస్తుంది.

బెర్లిన్‌లో కోకో షూమన్ అనే గిటారు వాద్యకారుడు ఉండేవాడు. తల్లి యూదురాలు. 1943లో అతన్ని తెరెజియెన్‌ష్టాట్ శిబిరానికి పంపారు. అక్కడ ఖైదీల జాజ్ బృందం ఘెట్టో స్వింగర్స్‌లో డ్రమ్స్ వాయించాడు. 1944లో ఆష్విట్స్‌కు తరలించారు. అక్కడ కాపలా కాసే ఎస్‌ఎస్ వాళ్ల కోసం వాయించాల్సి వచ్చింది. సంగీతమే తన ప్రాణం కాపాడిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. యుద్ధం అయ్యాక బెర్లిన్‌కు తిరిగొచ్చి మళ్లీ గిటారు పట్టాడు. జర్మనీలో ఎలక్ట్రిక్ గిటారు వాయించిన తొలితరంవాళ్లలో ఒకడయ్యాడు. శిబిరాల సంగతి మాత్రం చాలా ఏళ్లు పెదవి దాటనివ్వలేదు. 1997లో ఆత్మకథ వచ్చింది. 2018లో, 93 ఏళ్ల వయసులో పోయాడు.

1945 మే నెలలో యుద్ధం ఆగింది. జులైలో మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్‌ల నుంచి అమెరికా సైనికుల రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. ఏఎఫ్ఎన్ అనేవాళ్లు. అది సిపాయిల కోసం పెట్టిన స్టేషన్. కానీ ఆకాశంలో వెళ్లే పాటను ఇది నీకు కాదని ఆపేవాడెవడు? నిన్నటిదాకా తలుపులు వేసుకుని విన్న పాట ఇప్పుడు వంటింట్లో గట్టిగా వినిపించడం మొదలైంది. జర్మన్ కుర్రవాళ్లు రేడియో పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని విన్నది విన్నట్టు స్వరాలు రాసుకునేవాళ్లు. వాళ్లకు పాఠ్యపుస్తకమూ గురువూ రేడియోనే.

రెండో బడి సైనికుల క్లబ్బులు. సిపాయిలకు సాయంత్రం సంగీతం కావాలి. జర్మన్ వాద్యకారులకు తిండి కావాలి. అప్పటికి జర్మన్ నోట్లకు విలువ లేదు. సిగరెట్లే డబ్బు. రాత్రంతా వాయిస్తే కడుపునిండా భోజనం, నాలుగు సిగరెట్ పెట్టెలు దొరికేవి. అక్కడ వాయించాలంటే సిపాయిలు అడిగిన పాట రావాలి, రాకపోతే మర్నాటికి నేర్చుకోవాలి. ఆకలి వాళ్ల చేత రోజూ సాధన చేయించింది.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. జాజ్ ప్రజాస్వామ్యపు సంగీతమని జర్మన్లకు చెప్పిన అమెరికా సైన్యంలో అప్పటికి నల్లసిపాయిలకు వేరే దళాలు, వేరే క్లబ్బులు. ఆ విభజనను తీసేయమని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948 జులైలో. స్వేచ్ఛ గురించి పాఠం చెప్పేవాళ్ల సొంత ఇల్లు కూడా చక్కబడలేదు. వింటున్న జర్మన్ కుర్రవాళ్లకు ఈ తేడా కనిపించకపోలేదు.

మన దగ్గరా రేడియో కథ ఒకటి ఉంది. దాన్ని నాజీల నిషేధంతో పోల్చకూడదు, కానీ శ్రోత స్వభావం ఎక్కడైనా ఒకటే అనిపిస్తుంది. 1952లో కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాట నచ్చదు. ఆకాశవాణిలో అది దాదాపు వినిపించకుండా పోయింది. జనం ఏం చేశారు? రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. హిందీ పాటలకు బినాకా గీత్‌మాలా, తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై గొంతు. చివరికి 1957లో ఆకాశవాణి వివిధ భారతి పెట్టి శ్రోత దారికి వచ్చింది. రేడియోలో ఏం రావాలో పైవాళ్లు నిర్ణయించగలరు. ఏం వినాలో మాత్రం వినేవాడే తేల్చుకుంటాడు.

జర్మనీలో యుద్ధం తర్వాత ఈ విషయం మీద గట్టి ఏర్పాటే జరిగింది. రేడియో ఒక్క మంత్రి చేతిలో ఉంటే ఏమవుతుందో హిట్లర్ ప్రచారమంత్రి గోబెల్స్ కాలంలో చూశారు. అందుకే పశ్చిమ జర్మనీలో ఎక్కడికక్కడ ప్రాంతీయ రేడియో సంస్థలు పెట్టారు. శ్రోతలు కట్టే రుసుముతో అవి నడుస్తాయి. ప్రభుత్వం చెప్పినట్టు ఆడనక్కరలేదు, ప్రకటనల కోసం పాకులాడనక్కరలేదు. అలాంటి ఒక స్టేషన్ బాడెన్-బాడెన్ అనే ఊళ్లో ఉంది. అక్కడ చేరిన యోఆఖిమ్-ఎర్న్‌స్ట్ బేరెంట్ అనే యువకుడు 1987 దాకా జాజ్ కార్యక్రమాలు నడిపాడు. ఆయన తండ్రి ప్రొటెస్టెంట్ పాస్టరు, హిట్లర్‌కు తలవంచని చర్చి వర్గంలోనివాడు. 1942లో డాఖావ్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఆ తండ్రి కొడుకు దేశానికి జాజ్ వినడం నేర్పాడు.

బేరెంట్ పాటలు వేసి ఊరుకోలేదు. ఎవరు వాయిస్తున్నారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఈ సోలోలో ఏం గమనించాలి, అన్నీ చెప్పేవాడు. 1953లో జాజ్ బుక్ అనే పుస్తకం రాశాడు. అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది, దశాబ్దాల పాటు కొత్త కూర్పులు వచ్చాయి. ఆ ఏడే మెర్కూర్ పత్రికలో తత్త్వవేత్త థియోడోర్ అడార్నోకూ ఆయనకూ జాజ్ మీద వాదం జరిగింది. అడార్నో హిట్లర్ వల్ల దేశం విడిచి వెళ్లి తిరిగొచ్చినవాడు. ఆయన దృష్టిలో జాజ్ స్వేచ్ఛ పైపూత మాత్రమే, లోపల అంతా వ్యాపారం పోసిన మూస. బేరెంట్ ఒప్పుకోలేదు. ఎవరు గెలిచారన్నది అలా ఉంచండి. రాత్రి క్లబ్బులో మోగే సంగీతం మీద ఒక తత్త్వవేత్త, ఒక రేడియో మనిషి పెద్ద పత్రికలో తలపడ్డారంటే, ఆ సమాజం దాన్ని ఎంత గంభీరంగా తీసుకుందో చూడండి.

ఇంకో పక్క చిన్న గదులు వెలిశాయి. హాట్ క్లబ్ నాటి కార్లో బోలెండర్ 1952లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక నేలమాళిగలో జాజ్ క్లబ్బు తెరిచాడు. జాజ్‌కెల్లర్ పేరుతో ఈనాటికీ ప్రసిద్ధి. 1953లో అదే ఊళ్లో జర్మన్ జాజ్ ఉత్సవం మొదలై, ఇప్పటికీ నడుస్తోంది. ఊరూరా జాజ్ అభిమానుల సంఘాలు పుట్టాయి. సాయంత్రం ఒక గదిలో చేరి రికార్డులు వేసుకుని వినడం, విన్నదాని గురించి మాట్లాడుకోవడం. వాయించడం రానివాళ్లే ఎక్కువమంది. కానీ శ్రద్ధగా వినడం వచ్చినవాళ్లు.

అయితే 1950లలో జర్మన్ వాద్యకారులు చాలావరకు అమెరికా వాళ్లను అనుకరించినవాళ్లే. అచ్చం న్యూయార్క్ వాడిలా వాయించాడంటే అదే పెద్ద మెప్పు. లైప్‌జిగ్‌లో పుట్టిన యూటా హిప్ అనే పియానో కళాకారిణి 1955లో న్యూయార్క్ వెళ్లింది. మరుసటి ఏడు బ్లూ నోట్ కంపెనీ ఆమె రికార్డులు తీసింది. ఆ కంపెనీని 1939లో మొదలుపెట్టిన ఆల్ఫ్రెడ్ లయన్ కూడా జర్మనీ నుంచి వెళ్లినవాడే, బెర్లిన్ యూదుడు. అంత పేరు వచ్చాక యూటా కొద్దికాలంలోనే సంగీతం మానేసి, బట్టల ఫ్యాక్టరీలో పనికి చేరింది. 2003లో చనిపోయేదాకా మళ్లీ కచేరీల వైపు రాలేదు. ప్రతిభ ఉంది, అవకాశం వచ్చింది, అయినా పరాయి నీడలో తన చోటు దొరకలేదు.

ఆ నీడలోంచి బయటికి దారి తీసినవాడు, ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఆల్బర్ట్ మాంగెల్స్‌డోర్ఫ్. ఆయన వాద్యం ట్రాంబోన్. మన పెళ్లి బ్యాండుల్లో కనిపించే, ముందుకీ వెనక్కీ జరిపి ఊదే పొడుగాటి ఇత్తడి వాద్యం. 1964లో గోథే ఇన్‌స్టిట్యూట్ ఆయన బృందాన్ని ఆసియా యాత్రకు పంపింది. మన దేశంలో మాక్స్ ముల్లర్ భవన్ పేరుతో ఉండేది ఆ సంస్థే. యాత్ర నుంచి తిరిగొచ్చి ఆయన నౌ జాజ్ రామ్‌వాంగ్ అనే రికార్డు చేశాడు. పేరు థాయ్‌లాండ్ నాట్యానిది. అందులో జపాన్ బాణీ ఉంది, రవిశంకర్ స్వరం మీద అల్లిన భాగం ఉంది, వాటి పక్కనే జర్మన్ల పాత భక్తిగీతం ఉంది. అమెరికా రికార్డులు విని పెరిగిన మనిషి ఆసియా తిరిగొచ్చాక తన ఊరి పాటను కూడా చేతికి తీసుకున్నాడు. తర్వాతి ఏళ్లలో ఆయన ట్రాంబోన్ ఊదుతూనే గొంతుతో పాడి, ఒక్క వాద్యం నుంచి ఒకేసారి రెండు మూడు స్వరాలు పలికించే పద్ధతిని సాధించాడు. పక్కవాద్యాలు లేకుండా ఒక్కడే ట్రాంబోన్‌తో పూర్తి కచేరీలు చేశాడు. అలా వాయించమని ఏ అమెరికా రికార్డూ ఆయనకు నేర్పలేదు.

1960ల చివర్లో ఇంకో తరం వచ్చింది. వుపర్టాల్ నుంచి పీటర్ బ్రోట్స్‌మన్, బెర్లిన్‌లో అలెగ్జాండర్ ఫాన్ ష్లిపెన్‌బాఖ్. వీళ్లు బాణీ, లయ, స్వరమేళనం అన్నిటినీ పక్కకు నెట్టేశారు. 1968లో బ్రోట్స్‌మన్ రికార్డు చేసిన మెషీన్ గన్ వింటే చెవులు చిల్లులు పడతాయి. నాన్నల తరం యుద్ధంలో ఏం చేసిందని పిల్లలు నిలదీస్తున్న రోజులవి. ఆ కోపం శాక్సోఫోన్‌లోంచి వచ్చింది. మరుసటి ఏడు మ్యూనిక్‌లో మాన్‌ఫ్రెడ్ ఐఖర్ ఈసీఎం అనే రికార్డు కంపెనీ పెట్టాడు. దాని దారి పూర్తిగా వేరు. నిదానం, శుభ్రమైన నాదం, మధ్యలో మౌనానికి కూడా చోటు. ఒకే దేశంలో ఒకే కాలంలో ఈ రెండూ బతికాయంటే, రెండిటికీ వినేవాళ్లుండబట్టే.

వినేవాళ్లంటే ఎవరు? 1975 జనవరి 24న కొలోన్ ఒపెరా భవనంలో కీత్ జారెట్ పియానో కచేరీ జరిగింది. ఏర్పాటు చేసింది వేరా బ్రాండెస్ అనే టీనేజీ అమ్మాయి. తీరా చూస్తే వేదిక మీద పెట్టిన పియానో సరైనది కాదు. జారెట్ వాయించనన్నాడు. ఆ పిల్ల బతిమాలి ఒప్పించింది. ఆ పియానోకు పలికే స్వరాల మీదే ఆయన అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయాడు. ఈసీఎం దాన్ని రికార్డుగా తెచ్చింది. ఒంటరి పియానో రికార్డుల్లో అంతగా అమ్ముడుపోయినది మరొకటి లేదంటారు. ఈ కథలో జారెట్ పేరు అందరికీ తెలుసు. నాకు ఆ అమ్మాయే ముఖ్యం. ఆమె వాద్యకారిణిగా రాలేదు, శ్రోతగా వచ్చింది.

తూర్పు జర్మనీలో పరిస్థితి వేరు. అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వానికి జాజ్ మొదట అమెరికా ఆయుధంలా కనిపించింది. జాజ్ మీద ఉపన్యాసాలిచ్చిన రెజినాల్డ్ రూడార్ఫ్‌ను 1957లో అరెస్టు చేశారు. ఎనిమిదేళ్లకు, 1965లో, అదే దేశం అమెరికా జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పిలిచి కచేరీలు పెట్టించింది. 1973లో చేపల చెరువులకు పేరుపడ్డ పైట్జ్ అనే చిన్న ఊళ్లో స్థానిక కుర్రవాళ్లు సినిమాహాల్లో జాజ్ కచేరీలు మొదలుపెట్టారు. కొన్నేళ్లలో దేశం నలుమూలల నుంచి వేలమంది రావడం మొదలైంది. అంత జనం తన చెప్పుచేతల్లో లేకుండా పోగవడం చూసి ప్రభుత్వం 1982లో దాన్ని ఆపించింది.

ఇప్పుడు పశ్చిమ బెర్లిన్‌కు వద్దాం. అక్కడి ఉత్సవాన్ని 1964లో మొదలుపెట్టింది ఆ బేరెంటే. మొదటి ఏడాది కార్యక్రమ పుస్తకానికి మార్టిన్ లూథర్ కింగ్ పేరుతో ముందుమాట వచ్చింది. చుట్టూ గోడ కట్టిన నగరంలో, నల్లజాతివారి సంగీతం గురించి ఆయన ముందుమాట. బేరెంట్‌కు ఇంకో పట్టుదల ఉంది. జాజ్ ప్రపంచంలోని అన్ని సంగీతాలతోనూ మాట్లాడగలదని నమ్మాడు. 1967లో స్విట్జర్లాండ్ పియానో కళాకారిణి ఐరీన్ ష్వైట్సర్ బృందాన్ని, దేవాన్ మోతీహార్ సితార్ బృందాన్ని కలిపి జాజ్ మీట్స్ ఇండియా అనే రికార్డు తెచ్చాడు. కలయిక ఎక్కడ కుదిరింది, ఎక్కడ అతుకు కనిపించిందీ వాదించుకోవచ్చు. కానీ ప్రయత్నం ఆగలేదు.

1983కి వచ్చేసరికి ఆ ప్రయత్నాలు ఒక దగ్గరికి చేరాయి. ఆ ఏడు బేరెంట్ నాదబ్రహ్మ అనే పేరుతోనే ఒక పుస్తకం వేశాడు. ఆ ఏడే బెంగళూరు కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ బృందం, టి.ఎ.ఎస్. మణి మృదంగం, ఆర్.ఎ. రమామణి గానం, శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ మారియానోతో కలిసి ఈసీఎం కోసం జ్యోతి అనే రికార్డు చేసింది. మారియానో అమెరికావాడైనా దక్షిణాది నాదస్వరం నేర్చుకున్నవాడు. ఆ ఏడే మన శ్రీనివాస్ బెర్లిన్ వెళ్లాడు. అంటే పాలకొల్లు పిల్లవాడు అడుగుపెట్టింది అపరిచితుల సభలో కాదు. రెండు దశాబ్దాలుగా మన సంగీతం వైపు చెవి పెట్టి ఉన్న సభలో.

ఆ పిల్లవాడు ఏం పట్టుకెళ్లాడో కూడా చూడాలి. శ్రీనివాస్ 1969లో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చూసి, అయిదేళ్లప్పుడు చేతిలోకి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తంత్రుల మీద పట్టుకునేవాడు. మాండలిన్ ఐరోపా వాద్యం. జంట తీగలతో, మెట్లతో ఉంటుంది. దాని మీద గమకం పలకడం కష్టం. జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలు బిగించి, ఎలక్ట్రిక్ చేసుకుని శ్రీనివాస్ ఆ కష్టాన్ని దాటాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. తర్వాత మద్రాసు. ఈ వాద్యం మీద కర్ణాటక సంగీతమా అని మొదట్లో సందేహించిన విద్వాంసులూ ఉన్నారు.

బెర్లిన్ శ్రోతలకు ఆ సందేహం లేదు. పరాయి వాద్యాన్ని తన సంగీతానికి లొంగదీసుకున్నవాడిని వాళ్లు వెంటనే గుర్తుపడతారు, ఎందుకంటే వాళ్ల మాంగెల్స్‌డోర్ఫ్ పరాయి సంగీతాన్ని అలాగే తనదిగా చేసుకున్నాడు. రాగం పేరు తెలియకపోయినా, కళ్ల ముందు ఒక ఆలోచన పుట్టి, పెరిగి, మలుపు తిరిగి, ఇల్లు చేరడం వాళ్లకు వినిపిస్తుంది. మనోధర్మం వాళ్ల చెవికి కొత్త కాదు. 1990ల చివర్లో గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ రిమెంబర్ శక్తి బృందంలో శ్రీనివాస్ చేరి, జాజ్ గిటారు పక్కన దేశదేశాలు తిరిగాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే చెన్నైలో కన్నుమూశాడు.

ఈ కథ మొత్తం పూలబాట అని నేను చెప్పడం లేదు. గోథే ఇన్‌స్టిట్యూట్ జాజ్ బృందాలను ఊరికే పంపలేదు. చెడిపోయిన పేరును బాగుచేసుకోవడం జర్మనీ అవసరం. పశ్చిమ బెర్లిన్‌లో ఉత్సవాలకు ప్రభుత్వం డబ్బు పోయడం వెనక, గోడ అవతలివాళ్లకు మా వైభవం చూడండి అని చూపించే ఉద్దేశం ఉంది. అయినా ఆ డబ్బు తీసుకున్న బ్రోట్స్‌మన్‌లాంటివాళ్లు ప్రభుత్వం చెవులు మూసుకునే సంగీతమే వాయించారు. డబ్బు ఇచ్చినవాడు బాణీ చెప్పకపోవడం, నా లెక్కలో ఆ దేశం సాధించిన పెద్ద విజయం. బేరెంట్ పోగుచేసిన రికార్డులు, పుస్తకాలు, ఫొటోలు ఆధారంగా డార్మ్‌ష్టాట్ నగరం 1990లో ఒక జాజ్ సంస్థనే తెరిచింది. ఒక శ్రోత అలమారా ఊరి ఆస్తి అయింది.

ఇక మా బహదూర్‌పల్లి సంగతి. ఒకప్పుడు పొలాలూ ద్రాక్షతోటలూ ఉన్న వైపు ఇది. ఇప్పుడు టెక్ మహీంద్రా క్యాంపస్, మహీంద్రా యూనివర్సిటీ, గండిమైసమ్మ దాకా వరసగా అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్లు. చప్పుడుకు కొదవ లేదు. బోనాలకు డప్పులు, పెళ్లికి బ్యాండు, వినాయక చవితికి డీజే. సంగీతం నేర్చుకునే పిల్లలూ ఉన్నారు. సాయంత్రమైతే అపార్ట్‌మెంట్లలోంచి కీబోర్డు, వయొలిన్, గిటారు వినిపిస్తుంటాయి. పిల్లలు పరీక్షలు రాస్తారు, సర్టిఫికెట్లు తెచ్చుకుంటారు, పదో తరగతిలో మానేస్తారు. ఎందుకు మానరు? వాళ్లు ఎక్కడ వాయించాలి? ఎవరు వినాలి? రవీంద్రభారతికో చిక్కడపల్లి త్యాగరాయ గానసభకో వెళ్లాలంటే సాయంత్రం ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో మా వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు.

జర్మనీ కథలో మనకు పనికొచ్చే సంగతి ఒకటే. అక్కడ జాజ్ ఎదిగింది గొప్ప వాద్యకారులు ముందు పుట్టి కాదు. వినే ఏర్పాటు ముందు పుట్టింది. విని చెప్పే రేడియో మనిషి, చిన్న గది, ఊరి అభిమానుల సంఘం, ఏటేటా తప్పని ఉత్సవం. మాంగెల్స్‌డోర్ఫ్‌లు ఆ తర్వాత వచ్చారు. ఆ చెవులు తయారైనందువల్లే ఆఖరికి శ్రీనివాస్‌కు కూడా చోటు దొరికింది. పైట్జ్ మా బహదూర్‌పల్లి కంటే పెద్ద ఊరేమీ కాదు. అక్కడ సినిమాహాలు చాలింది.

జాజే వినమని నేననడం లేదు. వీణ కావచ్చు, ఒగ్గుకథ కావచ్చు, బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదే పెద్దాయన కావచ్చు. ఆయన వాద్యం కూడా ఐరోపా నుంచి వచ్చిందే. ఊరేగింపులో జనం అరుపుల మధ్య ఊదే ఆయన్ని ఒక గంట కూర్చోబెట్టి, నిశ్శబ్దంగా వింటే ఏం వాయిస్తాడో మనలో ఎందరికి తెలుసు?

కాబట్టి ఒక చిన్న ప్రతిపాదన. మీ అపార్ట్‌మెంట్ సంఘం వచ్చే సమావేశంలో నీళ్ల ట్యాంకరు, లిఫ్టు మరమ్మతు, పార్కింగు చర్చలయ్యాక ఇంకో అంశం రాయించండి. నెలకు ఒక సాయంత్రం, ఒకే తేదీ, కమ్యూనిటీ హాల్లో ఒక గంట కచేరీ. డీజే పెట్టెలు వద్దు. ఫోన్లు సంచిలో. వాయించే మనిషికి శాలువాతో సరిపెట్టకుండా తగిన డబ్బు. మొదట్లో అయిదు నిమిషాలు, ఏం వినబోతున్నామో తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పాలి. అయిపోయాక పావుగంట మాట్లాడుకోవాలి. మొదటి నెల పదిహేను మంది వస్తారు, వారిలో సగం మంది వాయించేవాళ్ల చుట్టాలే. ఏడాది పాటు తేదీ తప్పకుండా నడపండి. ఖర్చు ఎంతవుతుందో ఇంటికింతని లెక్క వేయండి. వినాయక చవితి డీజేకు మీ సంఘం ఇచ్చే మొత్తంతో పోల్చి చూసి, అప్పుడు నిర్ణయించండి.